బర్రెను అడగని ఒప్పందం

2003 ఏప్రిల్ 2, బుధవారం

లీలావతి మేడమ్ నా సినాప్సిస్‌ను మళ్లీ తిప్పి పంపారు. మొదటిసారి పేజీలన్నీ ఎర్ర ఇంకుతో నింపారు. ఈసారి మాత్రం చివర ఒక్కటే మాట, ఇంగ్లీషులో. "ఇందులో ఇంత పెద్ద నది ఉంది, కానీ నీళ్లు ఎవరూ తాగడం లేదు."

ఇదేం విమర్శ? నేను చదువుతున్నది అంతర్జాతీయ రాజకీయాలు. ఎగువ దేశం, దిగువ దేశం, మధ్యలో ఒక ఒప్పందం, దాని మీద నాలుగు సిద్ధాంతాలు. ఎం.ఫిల్ అంటే ఇదే కదా? నీళ్లు తాగేవాళ్ల సంగతి చూసుకోవడానికి పక్క బిల్డింగ్‌లో వేరే డిపార్ట్‌మెంటే ఉంది.

మేడమ్ ఇక్కడే ఢిల్లీలో, ఆర్.కె. పురం గవర్నమెంట్ క్వార్టర్స్‌లో పెరిగిన తెలుగావిడ. తెలుగు బాగా అర్థమవుతుంది, కానీ ఆవిడ నోటివెంట తెలుగు మాట ఒక్కటి కూడా నేనింతవరకూ వినలేదు. నేను తెలుగులో గోడు వెళ్లబోసుకుంటాను, ఆవిడ ఇంగ్లీషులో వాయిస్తారు. ఇవాళ కూడా అంతే. "మేడమ్, ఇంకొక్కసారి చూడండి మేడమ్" అన్నాను. "ట్వంటీ ఫిఫ్త్, బిఫోర్ ద కమిటీ. లాస్ట్ ఛాన్స్, సునందా" అన్నారు.

అదీ పోతే రిజిస్టర్‌లో నా పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేస్తే అనంతపురం బండి ఎక్కడమే. అక్కడ నాన్న బి.ఇడి ఫారం తెప్పించి, నా ఫోటో కూడా అంటించి పెట్టాడట. సంతకమొక్కటే తక్కువ.

నేనేం ఏడవలేదు. మేం అద్దెకుండే బేర్ సరాయ్ సందుల్లో ఏప్రిల్‌లో దుమ్ము లేస్తుంది, కళ్లలో పడింది. నా రూమ్మేట్ అన్నపూర్ణేశ్వరి మాత్రం నమ్మలేదు. "గదిలోపల ఏం దుమ్మే బాబూ?" అని దీర్ఘం తీసింది. అమలాపురం పిల్ల, సివిల్స్‌కి చదువుతోంది, రోజూ కరోల్ బాగ్ కోచింగ్‌కి బస్సులో పడి వెళ్లొస్తుంది. ఇంత పొడుగు పేరు పిలవడం నా వల్ల కాక పూర్ణ అంటాను.

ఏప్రిల్ 5, శనివారం

తలకి షాంపూ పెట్టుకున్నాక కుళాయి ఆగిపోయింది.

మా బిల్డింగ్ భౌగోళిక పరిస్థితి ఇది. తెల్లారగానే కింద ఉండే మా ఓనరు ఆంటీజీ మోటార్ వేస్తుంది, డాబా మీద ట్యాంకు నిండుతుంది. దాంట్లో వివాదమేమీ లేదు, పొద్దు పొడిచినట్టు దానంతటదే జరిగిపోయే పని. వివాదమంతా ఆ తర్వాతే. రెండో అంతస్తు అబ్బాయిలు డాబా మెట్ల పక్కనే ఉంటారు. మొదటి అంతస్తుకు వచ్చే పైపు వాల్వ్ వాళ్ల చేతికి అందుతుంది. అంటే వాళ్లు ఎగువ, మేం దిగువ. వాళ్ల బకెట్లు నిండేదాకా మా గొంతు మీద కాలు.

తలకు తువ్వాలు చుట్టుకుని, నురగ మెడమీద కారుతుండగా పైకి వెళ్లి తలుపు దబదబా బాదాను. నిరంజన్ తీశాడు. కరీంనగర్ అతను, సివిల్స్ బాపతే. మెట్ల మీద ఎదురైతే తల వంచుకుని పోయే రకం.

"ఏమండీ, దిగువవాళ్ల ప్రయోజనాలు దెబ్బతినకుండా ఎగువవాళ్లు నీళ్లు వాడుకోవాలన్నది అంతర్జాతీయ న్యాయం, తెలుసా మీకు?" అన్నాను.

అతను నా తలవైపు చూసి నవ్వాపుకున్నాడు. "నేను బంద్ చెయ్యలేదండి, ఒట్టు. మా మిశ్రా కూలర్ల నీళ్లు నింపుతుండు. ఆగుండ్రి, ఇప్పుడే తిప్పుత."

"ఇది ఇప్పటి సంగతి కాదు. ఇది విధానానికి సంబంధించిన విషయం!"

"అబ్బ, మీరు గింత మంచిగ చెప్తరు. నాకు పొలిటికల్ సైన్స్ ఆప్షనల్ ఉన్నది. మీ నోట్స్ ఇయ్యరాదుండ్రి?"

ఒళ్లు మండిపోయింది. మనిషి కంట్లో షాంపూ పడి చస్తుంటే నోట్స్ అడుగుతాడా? ఇచ్చాను. జిరాక్స్ తీసుకుని వెంటనే తెచ్చిమ్మన్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్. అమ్మ ఎత్తింది.

"ఏమ్మే, తిన్యావా? ఎట్లుండావు?"

తిన్నానన్నాను. సినాప్సిస్ దాదాపు అయిపోయినట్టే అన్నాను. దాదాపు అనే మాటలో చాలా చోటుంది. ఇంతకీ దేని గురించి రాస్తున్నావని అడిగింది. రెండు దేశాలు ఒక నదిని పంచుకోవడానికి రాసుకున్న ఒప్పందమమ్మా, పైదేశం ఇన్ని నీళ్లు వదలాలి, కిందిదేశం ఇన్ని వాడుకోవాలి అని చెప్పాను.

"మరి నీళ్లు ఇడిసే లస్కరు ఎవురు?"

"అమ్మా, ఇది దేశాల మధ్య విషయం. మన తుంగభద్ర కాలవ కాదు."

"ఏ కాలవైతే ఏం మే? లస్కరు తూము ఎత్తకుండా యాడన్నా నీళ్లొస్తాయా? గుమ్మడికాయ ఇచ్చినోని మడికి ముందు పారిస్తాడు, మన మడి ఎండబెడ్తాడు."

మా ఊరు కాలువకు చివర్న ఉంటుంది. అమ్మకు ప్రపంచమంతా కాలువ చివరే. నవ్వుకుని పెట్టేశాను. బి.ఇడి మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఏప్రిల్ 7, సోమవారం

నిరంజన్ నోట్స్ తిరిగి తెచ్చిచ్చాడు. దాంతోపాటు ఒక బకెట్ నీళ్లు కూడా మోసుకొచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లాడు. ఇది ఎగువ దేశపు సద్భావన చర్య, అంతకన్నా ఏమీ లేదు.

ఏప్రిల్ 9, బుధవారం

ధాబా టీవీలో ఇరాక్ యుద్ధం, బాగ్దాద్ పడిపోయింది. క్యాంపస్ అంతా అక్కడే నిలబడి వాదులాడుకుంటోంది. నేను కూడా రెచ్చిపోయి అరిచాను. పక్కనున్న అమ్మాయి మెల్లగా జరిగి అవతల నిలబడింది. స్నానం లేదు మరి.

ఏప్రిల్ 12, శనివారం

ఈ రోజు చరిత్రాత్మకం!

ఆలోచన నాదే. ఈ బిల్డింగ్‌లో నీళ్ల ఒప్పందం కుదిర్చి, అదెలా కుదిరిందో సినాప్సిస్‌కి ఉదాహరణగా పెడితే మేడమ్ నోరు మూతపడాలి. నీళ్లు తాగేవాళ్లు కావాలన్నారు కదా, ఇదిగో, నలుగురం ఉన్నాం.

సాయంత్రం డాబా మీద సమావేశం జరిపాం. ఎగువ నుంచి నిరంజన్, మిశ్రా. దిగువ నుంచి నేను, పూర్ణ. కూర్చునే దగ్గరే గొడవ మొదలైంది. ట్యాంకు పక్కన కూర్చుంటే ఎగువవాళ్లకి బలం ఎక్కువున్నట్టు అర్థమొస్తుందని నేనన్నాను. మిశ్రా లేచి ట్యాంకుకి వీపు పెట్టి మరీ కూర్చున్నాడు. చివరికి అందరం గుండ్రంగా కూర్చున్నాం. పీఠికలో 'ఎగువవాసుల చారిత్రక హక్కులు' అని పెట్టాల్సిందేనని మిశ్రా పట్టుబట్టాడు. చారిత్రకం ఏమిటి, పోయిన జూలైలో దిగారు! చీకటి పడేదాకా ఆ ఒక్క మాట దగ్గరే ఉన్నాం. నిరంజన్ "అరె ఊకో భాయ్, పానీ చాహియే కి హిస్టరీ?" అనేసరికి మిశ్రా తగ్గాడు.

పూర్ణ టీ పెట్టి తెచ్చింది. ఆంటీజీ బర్రె పాలు కదా, టీ చిక్కగా ఉంది. ఆ ఊపులో మిగిలినవన్నీ చకచకా తేలిపోయాయి. కార్పొరేషన్ నీళ్లు వచ్చే వేళకి మోటార్ ఠంచనుగా మొదలవ్వాలి. వాల్వ్‌ను ఎవరూ ముట్టుకోకూడదు. కూలర్ రోజు విడిచి రోజు. మిశ్రా వాళ్ల నాన్న ఇంజినీరట, అందుకని ఒక సాంకేతిక నిబంధన తనే చేర్చాడు. మోటార్ నడిచేటప్పుడు కింద వరండాలోని పైపు కట్టేసి ఉండాలి, లేకపోతే ప్రెజర్ పడిపోతుంది. భేష్ అని అందరం చేతులెత్తాం.

సైబర్ కేఫ్‌లో టైప్ చేయించి నలుగురం సంతకాలు పెట్టాక మెట్ల దగ్గర గోడకి అంటించాను. ఒప్పందం చదువుతూ నిరంజన్ "మీరు ఫారిన్ సర్వీస్‌ల ఉండాల్సిన మనిషండి" అన్నాడు. సినాప్సిస్ గురించి ఇక దిగులే లేదు. మూడో అధ్యాయం దానంతటదే రాసుకుంటుంది.

ఏప్రిల్ 13, ఆదివారం

మోటార్ మొదలవలేదు. కరెంటు ఉంది.

ఏప్రిల్ 14, సోమవారం

ఇవాళా లేదు. ట్యాంకు అడుగు కనపడుతోంది. నలుగురం ఒకరి మీద ఒకరం నిందలేసుకున్నాం. ఒప్పందాన్ని ఉల్లంఘించింది ఎవరని మిశ్రా నన్నడిగాడు, నేను మిశ్రానడిగాను. పూర్ణ సీసా నీళ్లు కొనుక్కొచ్చి ముఖం కడుక్కుని "నీ దౌత్యం దెబ్బకి పళ్లు తోముకోడానికి కూడా దిక్కులేదే తల్లీ" అంటూ కోచింగ్‌కి వెళ్లిపోయింది.

ఇక లాభం లేదని కిందికి దిగాను. వెనకాలే నిరంజన్ వచ్చాడు. ఎందుకొచ్చాడో నాకు తెలియదు, రమ్మని అనలేదు.

ఆంటీజీ వరండాలో మంచమేసుకుని కూర్చుని ఉంది. ఈ ఊరు చుట్టూ సిటీ లేవకముందు నుంచీ వాళ్లది ఇక్కడే. పొలాలు పోయాయి, గదులు కట్టి మాలాంటి వాళ్లకు అద్దెకిచ్చింది. బర్రెను మాత్రం ఇవ్వలేదు. దాని పేరు రానీ. వరండా పక్కన తొట్టి దగ్గర నిలబడి నమిలేస్తోంది, మావైపు చూడను కూడా లేదు.

"ఆంటీజీ, మోటార్ ఖరాబ్ హై క్యా?"

"మోటార్ ఠీక్ హై." ఆంటీజీ నన్ను పైనుంచి కిందికి చూసింది. "తుమ్ లోగోఁనే కాగజ్ లగాయా. మేరీ పోతీనే పఢ్‌కే సునాయా. పైప్ బంద్ కరో, లిఖా హై. అచ్ఛా, ఏక్ బాత్ బతా. మేరీ భైంస్ సే పూఛా థా?"

కాగితంలో పైపు కట్టేయమని ఉందని మనవరాలు చదివి చెప్పిందట. సరే, నా బర్రెను అడిగారా?

అప్పుడు వెలిగింది నాకు. నీళ్లు వచ్చిన వెంటనే ఆవిడ వరండా పైపుతో రానీకి తొట్టి నింపుతుంది, ఒళ్లు కడుగుతుంది, పాలు పితుకుతుంది. అదంతా అయ్యాక లోపలికెళ్లి మోటార్ స్విచ్ వేస్తుంది. రోజూ జరిగేది ఇదే. మేం నలుగురం కూర్చుని, ఆ బర్రె పాలతో టీ తాగుతూ, ఆ బర్రెకే నీళ్లు బంద్ చేస్తూ చేతులెత్తాం. మోటార్ ఎవరిదో, స్విచ్ ఎవరి ఇంట్లో ఉందో ఒక్కరికీ గుర్తు రాలేదు. దేశాల మధ్య శాంతి గురించి ఎం.ఫిల్ చేస్తున్న దాన్ని నేను.

సిగ్గుతో చచ్చిపోయాను. నిరంజన్ మాత్రం పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుకోలేక గోడకి ఆనుకున్నాడు. అతన్ని చూసి ఆంటీజీ నవ్వింది. చివరికి నాకూ నవ్వొచ్చింది. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి, బిల్డింగ్‌లో ఉన్న నీళ్లు అవే.

అక్కడే మంచం పక్కన నేల మీద కూర్చుని మళ్లీ మొదలుపెట్టాం. ఆంటీజీ బాధ చిన్నదే. మోకాళ్ల నొప్పులు. కడగడం, పితకడం ఒక్కతే చేసుకునేసరికి ఆలస్యమవుతోంది, అప్పటికి నీళ్లు సన్నబడతాయి, ట్యాంకు సగమే నిండుతుంది. అందుకే పైన మా కొట్లాటలు. ఎవరైనా రానీని కడిగిపెడితే ఆవిడ త్వరగా పితికేసి మోటార్ పూర్తిగా నడుపుతుందట.

"నేను కడుగుత" అన్నాడు నిరంజన్. "మాకు ఇంటికాడ రెండున్నయ్ బర్లు."

"మాకు మూడు" అన్నాను. ఢిల్లీకి వచ్చిన రోజు నుంచీ ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడాలోచిస్తే నాకే చిరాకేస్తోంది.

గోడ మీది కాగితం చింపేశాను. ఈసారి రాతకోతలేం లేవు. ఆంటీజీ 'ఠీక్ హై' అంది, రానీ తోక ఆడించింది.

ఏప్రిల్ 15, మంగళవారం

నీళ్లు! పొంగి డాబా మీద కారాయి. మిశ్రా రెండుసార్లు స్నానం చేశాడు.

రానీని కడిగే వంతులు వేశాను. పూర్ణ "గేదె దగ్గరికా? అది తోకతో కొడుతుంది, నేను రాను బాబూ" అని చేతులెత్తేసింది, రోజూ టీ పెడతానని బేరమాడింది. మిశ్రాకి ఆదివారం ఇచ్చాం. మిగతా రోజులు నేనూ నిరంజనూ. ఇద్దరికీ ఒకే వేళ పడింది, ఒకరు పైపు పట్టాలి, ఒకరు రుద్దాలి కదా. కేవలం నిర్వహణ సౌలభ్యం కోసం.

ఏప్రిల్ 18, శుక్రవారం

మూడు రోజులుగా సినాప్సిస్ ముట్టుకోలేదు. ఇవాళ తీసి మొదటినుంచి చదివాను. ఛీ.

మేడమ్ అన్నది నిజం. రెండు రాజధానులున్నాయి, మంత్రులున్నారు, సంతకాలున్నాయి, నాలుగు సిద్ధాంతాలున్నాయి. నది ఒడ్డున ఒక్క మనిషి లేడు. ఆనకట్ట తలుపు ఎత్తే మనిషి ఎవరు, ఆయన ఎవరి మాట వింటాడు, కాలువ చివర్న మడి ఎండితే ఎవరి గడప తొక్కాలి, ఏమీ లేదు. వరండా పైపు కట్టేయమని రాసిన మా డాబా ఒప్పందం లాగే ఉంది, ఇంకొంచెం మంచి ఇంగ్లీషులో.

అమ్మ ఫోన్‌లో అడిగింది ఇదే కదా. నేనేమో నవ్వుకుని పెట్టేశాను. కాలువ చివరి ఊళ్లో పుట్టి, లస్కరుకి గుమ్మడికాయలు మోసిన దాన్ని నేను. నాకు తెలిసిన ఒకే ఒక్క సంగతిని వదిలేసి మిగతావన్నీ రాశాను. నా మీద నాకే కోపం వచ్చింది, ఆ కోపంలోనే కూర్చుని మొదటి పేజీ నుంచి కొత్తగా మొదలుపెట్టాను.

ఏప్రిల్ 21, సోమవారం

రాస్తున్నాను. చేతులకి బర్రె వాసన. లైబ్రరీలో నా పక్క కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు, బోలెడంత చోటు.

ఏప్రిల్ 24, గురువారం

భయంగా ఉంది. రాసేశాను కదా, ఇక దాచిపెట్టడం దేనికి. చాలా భయంగా ఉంది. నిరంజన్ రానీ వీపు రుద్దుతూ "ఇది పోతే ఏమైతది?" అని అడిగాడు. "బి.ఇడి" అన్నాను. అతను రుద్దిన చోటే మళ్లీ రుద్దాడు. తర్వాత "పోదు తియ్యుండ్రి" అన్నాడు. నేను పైపు పక్కకు పట్టుకున్నానని రానీ తోకతో ఇద్దర్నీ తడిపేసింది.

ఏప్రిల్ 25, శుక్రవారం

ఉదయం నా వంతు నేను కడిగే వెళ్లాను. మానేస్తే ఆంటీజీ ఏమీ అనేది కాదు. కానీ ఒప్పందం ఒప్పందమే.

కమిటీలో ఐదుగురు. మేడమ్ ఒక మూల కూర్చున్నారు, ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు. మధ్యలో రంగనాథ్ సార్. సిద్ధాంతాలంటే ఆయనే, ఆయన గదిలోకి వెళ్లిన వాళ్లు సగం మంది టాపిక్ మార్చుకుని బయటికొస్తారు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఎగువన, దిగువన తలుపులెత్తే వాళ్లతో మాట్లాడతాను, రెండువైపులా కాలువ చివరి ఊళ్లకి వెళ్తాను, ఒప్పందం అక్కడిదాకా చేరిందా లేదా చూస్తాను అన్నాను.

రంగనాథ్ సార్ కళ్లద్దాలు తీశారు. "రాజధానులు ఉండాల్సిన చోట కాలువ పనివాళ్లు ఉన్నారు. ఇది అంతర్జాతీయ రాజకీయం ఎలా అవుతుంది?"

"సార్, రాజధానులు సంతకం పెడతాయి. తలుపు దగ్గరున్న మనిషిని ఎవరూ అడగరు. ఆయన ఎత్తకపోతే ఆ ఒప్పందం గోడ మీది కాగితమే."

"అలా ఎక్కడైనా జరిగిందా?"

రెండు పుస్తకాల పేర్లు కంఠస్థం చేసి వెళ్లాను. ఒక్కటీ గుర్తు రాలేదు. నా నోట్లోంచి వచ్చిన మాట "బఫెలో, సర్."

ఇక దాక్కోవడానికి చోటు లేదు కాబట్టి మొత్తం చెప్పేశాను. డాబా, పీఠిక, చారిత్రక హక్కులు, బర్రె పాల టీ, వరండా పైపు, ఆంటీజీ అడిగిన ప్రశ్న. ఎవరో ముందు కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ పగలబడి నవ్వారు. రంగనాథ్ సార్ మాత్రం నవ్వలేదు.

"ఆ రెండో ఒప్పందం నడుస్తోందా?" అన్నారు.

"ఈ ఉదయం కూడా నడిచింది సార్. నేనే కడిగి వచ్చాను."

ఆయన నా చేతులవైపు చూశారు. తర్వాత ఏదో రాసుకున్నారు. బయట వెయిట్ చేయమన్నారు.

కారిడార్‌లో నిలబడి అనంతపురం బండి టైము గుర్తు చేసుకున్నాను. ట్రంకు పెట్టె పూర్ణకి ఇచ్చేయొచ్చనుకున్నాను. రానీని ఎవరు కడుగుతారా అని కూడా అనుకున్నాను. తలుపు తెరుచుకుని మేడమ్ వచ్చారు. నా ఎదురుగా నిలబడి, నన్ను చూసి, ఏదో వెతుక్కుంటున్నట్టు ఒక్క క్షణం ఆగారు.

"ఇప్పుడు తాగారమ్మా, నీళ్లు" అన్నారు. తెలుగులో.

అంతే, నాకు ఏడుపు ఆగలేదు. ఈసారి దుమ్మేమీ లేదు, కారిడార్ తుడిచి శుభ్రంగా ఉంది. మేడమ్ కంగారుపడి వెంటనే ఇంగ్లీషులోకి పారిపోయారు. "పాస్డ్. యునానిమస్. నౌ స్టాప్ క్రైయింగ్, రివైజ్డ్ బిబ్లియోగ్రఫీ బై మండే."

ఏప్రిల్ 27, ఆదివారం

ఇంటికి ఫోన్ చేశాను. పాసయ్యానని చెప్పాను. ఎలా పాసయ్యానో కూడా మొత్తం చెప్పాను. లస్కరు మాట అమ్మ చెప్పిందేనని కూడా చెప్పాను.

"ఆ ఎనుము పూటకి ఎన్ని లీటర్లిస్తాది మే?" అంది అమ్మ. "నాయనకి చెప్తాలే. ఆ ఫారం మీద నీ ఫోటో పీకేసి దాచిపెడ్తా, బాగుంది ఫోటో."

ఇవాళ మిశ్రా వంతు. అయినా కిందికి వెళ్లాను. నిరంజన్ కూడా వచ్చి ఉన్నాడు. మిశ్రా మా ఇద్దర్నీ చూసి, పైపు నా చేతికిచ్చి పైకెళ్లి పడుకున్నాడు.

సాయంత్రం వచ్చే నెల వంతులు వేశాను. ఆదివారాలు కూడా మా ఇద్దరికే రాశాను. మిశ్రా సరిగ్గా రుద్దడు, అందుకు. కేవలం నిర్వహణ సౌలభ్యం కోసం.